చెరువు చేపను పొగబెట్టి నిలువచేయుట: పోషణ, భద్రత, తయారీ

గోరంట్ల, చిలమత్తూరు, సోమందేపల్లి, బుక్కపట్నం ప్రాంతముల రైతులకు చెరువు చేప క్రొత్త గాదు. వానలు కురిసి చెరువు నిండిన సంవత్సరమున చేపపిల్లలను వదలుదురు. ఎండలు ముదిరిన కొలది నీరు తగ్గి, చైత్ర వైశాఖములు వచ్చుసరికి మడుగులు మాత్రమే మిగులును. అప్పుడు చేప నంతయు రెండు మూడు వారములలోనే పట్టివేయవలసి వచ్చును. ఒక్కమారుగా ఇంత చేప గట్టున పడినపుడు ధర నిలువదు. పది గంటల ఎండ తగిలిన తరువాత కొనువాడును ఉండడు. మిగిలినది కుళ్ళి గుంటలో పూడ్చుటయో, కుక్కల పాలగుటయో జరుగును.

ఇంతటితో ఈ కథ ముగియదు. ఆషాఢ శ్రావణములు వచ్చుసరికి అదే ఊరివారు సంతకు పోయి, సముద్రతీరము నుండి వచ్చిన ఎండుచేపను ఎక్కువ ధర పెట్టి కొందురు. సముద్రము మనకు 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. ఆ చేప ఎచ్చట ఎండినదో, దానిపై ఏమి చల్లిరో కొనువానికి తెలియదు. చేతిలోని మంచి చేపను పారవేసి, తెలియని చేపను కొనుట మన ఇంటి లెక్కకును, పిల్లల ఆరోగ్యమునకును నష్టము. ఈ నష్టమును తప్పించుకొను సులభమైన మార్గము చేపను ఉప్పువేసి, పొగబెట్టి, ఎండబెట్టి నిలువచేయుట.

చేప మత్స్యశాఖవారి విషయము గదా, వ్యవసాయాధికారికి దీనితో పనియేమి యని మీరు అడుగవచ్చును. చెరువు నీటితో పంట పండించు రైతే చెరువు చేపను తినును. పైరుపై చల్లిన మందే వాగు నీటితో చెరువు చేరును. ఇంటిలో మిగిలిన పురుగుమందు పొడియే, తెలియనితనము వలన, కొన్నిచోట్ల ఎండుచేపపై పడుచున్నది. కావున ఈ విషయమును పొలము నుండి వేరుచేసి చూచుటకు వీలులేదు.

మన ప్రాంతమునకు దీని అవసరము

పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి 553 మిల్లీమీటర్లు మాత్రమే. చిత్రావతి నది పారు దినములకంటె ఎండియుండు దినములే హెచ్చు. 2016లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలములు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయమునకు చేరిన తరువాత కొన్ని చెరువులకు నీటి ఆదరువు ఏర్పడినది. అయినను వేసవిలో నీరు ఇంకిపోవు చెరువులు, కుంటలు ఇంకను అనేకము కలవు.

అయితే చెరువును ఎండగొట్టు ఈ పొడి వాతావరణమే చేపను నిలువచేయుటకు మేలుచేయును. కోస్తాలో గాలి తేమగా నుండుటచేత చేప త్వరగా ఎండదు. మనకు మార్చి నుండి మే వరకు ఎండయు, పొడి గాలియు రెండును సమృద్ధిగా కలవు. చేప ఎక్కువగా దొరకు కాలమును, ఎండు కాలమును ఒక్కటే యగుట మన అదృష్టము.

సంగటికి చేప తోడగుట

మన ప్రధానాహారము రాగి సంగటి, వరి అన్నము, జొన్న. రాగులు మంచి ధాన్యము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము, 7 గ్రాముల మాంసకృత్తులు కలవు. కాని ధాన్యపు మాంసకృత్తులలో లైసిన్ అను భాగము తక్కువ. చేపలో అది సమృద్ధిగా నున్నది. రెండును కలిపి తినినచో ఒకదాని లోటును మరియొకటి తీర్చును.

రెండవ విషయము రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో 58.8 శాతము మందికి, 5 సంవత్సరములలోపు పిల్లలలో 63.2 శాతము మందికి రక్తహీనత కలదు. అనగా సగటున స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తము తక్కువ. రాగిలోను, ఆకుకూరలలోను ఇనుము ఉన్నను అది శరీరమునకు కొద్దిగానే పట్టును. అదే భోజనమున చేపగాని మాంసముగాని కొంచెము చేరినచో ఆ ఇనుము ఎక్కువగా ఒంటబట్టును. చింతపులుసు, నిమ్మరసము వంటి పులుపు కూడ ఇందుకు సహాయపడును. సంగటితో చేపల పులుసు తిను మన పెద్దల అలవాటు ఈ విధముగా శాస్త్రమునకు సరిపోవుచున్నది. భోజనము కాగానే టీ త్రాగినచో ఈ ప్రయోజనము తగ్గును గనుక గంటసేపు ఆగుట మంచిది.

మూడవది బి-12 విటమిను. ఇది ధాన్యములందును, పప్పులందును, కూరగాయలందును లేదు. చేప, మాంసము, గుడ్లు, పాలలో మాత్రమే దొరకును. ఇది లోపించినను రక్తము తగ్గును, నరములు బలహీనపడును. ఇక చిన్న పరిగెలను ముళ్ళతో సహా తినినచో ఆ ముళ్ళనుండి కాల్షియము లభించును.

పచ్చి చేపలో నూటికి 70 నుండి 80 వంతులు నీరే. మాంసకృత్తులు 15 నుండి 20 శాతము. నీరు పోయి బాగుగా ఎండిన చేపలో అవి 50 శాతమునకు పైబడును. 30 గ్రాముల ఎండుచేప ఒక మనిషికి సుమారు 15 గ్రాముల మాంసకృత్తుల నిచ్చును. అయితే ఎండలో ఎ-విటమిను చాలవరకు నశించును. దానికి ఆకుకూరలు, బొప్పాయి, మునగాకు తినవలెను.

చేప ఎందుకు చెడును?

చేప చచ్చిన క్షణము నుండి మూడు శక్తులు దానిని చెరచుటకు పూనుకొనును. మొదటిది చేప కడుపులోని జీర్ణరసములు. ఇవి పొట్టనే కరగించును. రెండవది మొప్పలందును, చర్మముపైనను, ప్రేగులందును ఉండు సూక్ష్మజీవులు. మూడవది కొవ్వు గాలి తగిలి ముక్కిపోవుట. వేసవి ఎండలో సూక్ష్మజీవులు గంట గంటకు పెక్కు రెట్లగును. అందుచేత ఉదయము పట్టిన చేప మధ్యాహ్నమునకే వాసన వచ్చును.

నిలువచేయు పద్ధతులన్నిటి రహస్యము ఒక్కటే. సూక్ష్మజీవులకు కావలసిన నీటిని లేకుండ జేయుట. ఉప్పు నీటిని బయటకు లాగును. ఎండ, గాలి దానిని ఆర్చును. వేడి ఉన్న క్రిములను చంపును. పొగ పై పొరకు కొంత కాపుదల, రంగు, రుచి నిచ్చును. పొగ ఒక్కటే చేపను కాపాడునని కొందరు తలంతురు. అది సరికాదు. పొగ పైపొరను మాత్రమే తాకును. లోపలి మాంసమును కాపాడునవి ఉప్పు, వేడి, ఆరుదల. ఈ మూడింటిలో ఏది తక్కువైనను చేప పైకి బంగారు రంగున నున్నను లోపల కుళ్ళును.

చేపను ఎన్నుకొని శుభ్రపరచుట

చెడిన చేపను పొగబెట్టినచో మంచి చేప కాదు. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా ఉబ్బి, మాంసము వ్రేలితో నొక్కిన వెంటనే పైకి వచ్చునట్లుండవలెను. నీటిపై తేలిన చచ్చిన చేపను ఎట్టి పరిస్థితులలోను తీసుకొనరాదు. వేసవిలో నీరు తగ్గి ప్రాణవాయువు చాలక చేపలు చచ్చుట కలదు. అట్లుగాక పురుగుమందు కలిసి చచ్చుట కూడ కలదు. చూచి రెంటికిని భేదము తెలిసికొనలేము. పురుగుమందు పొగకును పోదు, ఉడికించినను పోదు.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ, కొర్రమీను, జిలేబీ చేప, చిన్న పరిగెలు అన్నియు ఇందుకు పనికివచ్చును. పట్టిన వెంటనే నీడకు చేర్చి తడి గోనెపట్టా కప్పవలెను. ఐసు దొరికినచో మరీ మంచిది. రెండు గంటలలోపు పొలుసు తీసి, మొప్పలు, ప్రేగులు, వెన్నెముక వెంటనుండు నల్లని రక్తము తొలగించవలెను. పిత్తపుతిత్తి పగులరాదు. పగిలినచో చేదెక్కును. అరకిలోకు మించిన చేపను వీపు వైపు నుండి చీల్చి పుస్తకమువలె విప్పవలెను. చిన్నవానిని కడుపు వైపు చీల్చిన చాలును. కడుగుటకు చెరువు అడుగు బురదనీరు వాడరాదు. త్రాగునట్టి నీరే వాడవలెను. తీసిన ప్రేగులను ఎరువుగుంటలో వేసి మన్ను కప్పినచో ఈగలు చేరవు, మంచి ఎరువును అగును.

ఉప్పునీట నానబెట్టుట

10 లీటర్ల నీటికి 2.5 కిలోల శుభ్రమైన ఉప్పు కలిపి కరగించవలెను. ఇది 20 శాతపు ఉప్పునీరు. చీల్చిన అరకిలో చేపలను ఇందులో సుమారు 40 నిమిషములు, చిన్నవానిని 15 నిమిషములు ముంచి యుంచవలెను. ఒకసారి వాడిన ఉప్పునీటిని మరునాటికి దాచరాదు. ఇసుక, బురద కలిసిన మురికి ఉప్పు వాడినచో చేపపై కొన్ని దినములకు గులాబీరంగు మచ్చలు పుట్టును. అవి ఉప్పులో బ్రతుకు క్రిముల వలన కలుగునవి.

పొగ లేక ఎండలోనే ఎండబెట్టదలచినచో ఉప్పు హెచ్చు కావలెను. పెద్ద చేపలకు 4 కిలోలకు 1 కిలో ఉప్పు, చిన్న చేపలకు 10 కిలోలకు 1 కిలో చొప్పున పట్టించి, తొట్టిలో పొరలు పొరలుగా పేర్చి, ఒక దినము ఉంచి, తరువాత పైపైన కడిగి ఎండవేయవలెను.

ఉప్పునీటినుండి తీసిన చేపను వల కప్పిన నీడలో గంట, రెండు గంటలు వ్రేలాడదీయవలెను. పైన తడి ఆరి, వ్రేలికి కొంచెము జిగటగా తగులు పలుచని పొర ఏర్పడును. ఈ పొర ఏర్పడని తడి చేపను పొగలో పెట్టినచో మసి అంటి చేదగును.

పొగపొయ్యి

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశమున చోర్కోర్ అను జాలరిపల్లె పేరు గల పొయ్యి లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. మట్టిగోడల దీర్ఘచతురస్రపు పొయ్యి, దానిపై ఒకదానిపై నొకటి పేర్చు తడకల చట్రములు, ఇంతే దాని నిర్మాణము. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దీనికి ప్రచారము చేసినది. మన ఇటుకలతోను, ఎర్రమట్టితోను గ్రామ మేస్త్రీయే దీనిని కట్టగలడు.

పొడవు, వెడల్పు ఒక్కొక్క మీటరు, ఎత్తు 60 సెంటీమీటర్లుగా నాలుగు గోడలు లేపి, ముందు భాగమున నిప్పు పెట్టుటకు ఒక మూర వెడల్పున ద్వారము విడువవలెను. పైన చెక్క చట్రములకు ఇనుప జాలిని బిగించి మూడు నాలుగు చట్రములు పేర్చవలెను. జింకు పూత జాలి మంచిది గాదు. అన్నిటికిపైన గోనెపట్టాగాని రేకుగాని కప్పవలెను. నిప్పునకును, అడుగు చట్రమునకును నడుమ ఒక రేకును చిన్న రాళ్ళపై నిలిపి యుంచుట ముఖ్యము. చేపనుండి కారు కొవ్వు నిప్పుపై పడినచో నల్లని పొగ లేచి, అందలి హానికరమైన పదార్థములు చేపకు పట్టును. రేకు ఈ కొవ్వును అడ్డగించును.

కొందరు పాత ఇనుప పీపాలను పొయ్యిగా మార్చుదురు. పురుగుమందు, రంగు, రసాయనములు ఉండిన పీపాను ఎన్నిసార్లు కడిగినను, కాల్చినను ఇందుకు వాడరాదు.

కట్టెలలో తుమ్మ, మామిడి, చింత మంచివి. ఎండిన కొబ్బరి డొక్కలు నిదానముగా కమిలి మంచి పొగ నిచ్చును. వేప, కానుగ చేదు నిచ్చును. నీలగిరి, పెట్టెలు చేయు దేవదారు చెక్క జిగురు పొగ నిచ్చును. రంగువేసిన చెక్క, ప్లైవుడ్ రంపపుపొట్టు, ప్లాస్టిక్ సంచి, పాత చెప్పులు, టైరు ముక్క వీనిని నిప్పు అంటించుటకైనను వాడరాదు. మన యిండ్లలో సమృద్ధిగానుండు వేరుశనగ పొట్టు భగ్గున మండును గనుక నిప్పు రాజేయుటకు మాత్రమే వాడవలెను. బూజుపట్టిన పొట్టును దగ్గరకు రానీయరాదు.

పొగబెట్టు క్రమము

మొదటి గంట: మంట లేక, పొగ మాత్రమే వచ్చునట్లు కమిలించవలెను. చేయి పెట్టినచో వెచ్చగా తోచవలెను గాని చురుక్కుమనరాదు. మొదటనే మంట హెచ్చించినచో పైభాగము అట్టకట్టి లోపలి నీరు బయటకు రాదు.

రెండవ దశ: తరువాత రెండు గంటలు కట్టెలు కొంచెము కొంచెము చేర్చి వేడి పెంచవలెను. అరగంటకొకసారి అడుగు చట్రమును పైకి, పై చట్రమును అడుగునకు మార్చవలెను.

మూడవ దశ: వేడిని ఇంకను పెంచి, చేప లోపలి మాంసము 63 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరిన తరువాత కనీసము 30 నిమిషములు అట్లే ఉంచవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యమైన దశ. సూదివంటి మొనగల థర్మామీటరు తక్కువ ధరకే దొరకును. చట్రములోని అన్నిటికంటె లావైన చేప వీపు భాగమున గ్రుచ్చి చూడవలెను. థర్మామీటరు లేనిచో లావైన చేపను విరిచి చూడవలెను. మాంసము తెల్లబడి, పొరలుపొరలుగా విడి, ముల్లునుండి సులభముగా ఊడవలెను. ముల్లు దగ్గర ఎర్రగా, పచ్చిగా నున్నచో మరల వేడిలో ఉంచవలెను.

నాలుగవ దశ: ఎక్కువ కాలము నిలువకు కావలసినచో మంట తగ్గించి, నాలుగైదు గంటలు నిదానముగా ఆరనిచ్చి, మరునాటి నుండి రెండు మూడు దినములు ఎండలో వేయవలెను. నేలపైనను, రోడ్డుపైనను, మందుకలిపిన విత్తనములు ఆరబోసిన కళ్ళములోను వేయరాదు. మూడడుగుల ఎత్తు మంచెపై జాలి పరచి, పైన దోమతెర కప్పవలెను. మంచె క్రిందనుండి కూడ గాలి ఆడి త్వరగా ఎండును, ఈగలు గ్రుడ్లు పెట్టవు. సాయంత్రము మంచు పడకమునుపే లోపలికి తీయవలెను. విరిచినచో పుటుక్కున విరుగునంత ఎండిన చేపయే నిలువకు తగినది.

లెక్క చూడుడు. 10 కిలోల పచ్చి చేపను శుభ్రపరచి తలలు తీసిన తరువాత సుమారు 7 కిలోలు మిగులును. అందులో నీరు 75 శాతము అనుకొన్నచో గట్టి పదార్థము 1.75 కిలోలు. పట్టిన ఉప్పు పావు కిలో చేర్చిన 2 కిలోలు. నూటికి 20 వంతుల తేమ నిలుచునట్లు ఎండబెట్టినచో 2.5 కిలోల ఎండుచేప వచ్చును. అనగా పచ్చి చేప కిలో ధరకు నాలుగు రెట్లును, కట్టె, ఉప్పు, కూలి ఖర్చును వచ్చిననే అమ్మకము గిట్టును. చేప ధర పడిపోయిన దినములలో ఇది గిట్టును. ధర బాగుగా నున్నపుడు పచ్చి చేపనే అమ్ముట మేలు.

నిలువచేయుట

పొగచేపను పూర్తిగా చల్లారిన తరువాతనే సర్దవలెను. వేడిచేపను మూటగట్టినచో లోపల చెమ్మ చేరి రెండు దినములలో బూజు పట్టును. వెదురుబుట్టలో కాగితము పరచి, గాలి ఆడుచోట ఉంచి, వారమునకొకసారి చూచి, మెత్తబడినచో మరల ఎండవేయవలెను. పురుగుమందులు, ఎరువులు ఉంచిన గదిలో ఉంచరాదు. పూర్తిగా ఎండక మెత్తగానున్న పొగచేపను ఆనాడే వండుకొనవలెను. ఫ్రిజ్‌లో నైనను మూడు నాలుగు దినములకు మించి ఉంచరాదు.

వేరుశనగ రైతులకు బూజు సంగతి బాగుగా తెలియును. బూజుపట్టిన కాయలో పుట్టు అఫ్లాటాక్సిన్ విషము వేయించినను పూర్తిగా పోదు. బూజుపట్టిన చేపయందును అట్టి ప్రమాదము కలదు. తుడిచి వండుకొనుట మాని పారవేయవలెను.

ఐదు ప్రమాదములు

మొదటిది గాలి చొరని మూట. మట్టిలోను, నీటి అడుగునను బొటులినమ్ అను క్రిమి బీజములు ఉండును. గాలి తగులనిచోట, తేమ, తక్కువ ఉప్పు ఉన్నచో ఇవి మొలకెత్తి భయంకరమైన విషమును పుట్టించును. వాసనలోగాని, రుచిలోగాని మార్పు కనబడకపోవచ్చును. 1963లో అమెరికాలో గాలి తీసి కట్టిన పొగచేపల వలన ఈ వ్యాధి సోకి పలువురు మరణించిరి. కావున మెత్తని పొగచేపను గాలి తీసిన ప్లాస్టిక్ పొట్లములలో కట్టుటగాని, ఇంట సీసాలలో నూనెపోసి దాచుటగాని చేయరాదు. తిన్నవారికి చూపు రెండుగా కనబడుట, రెప్పలు వాలిపోవుట, మ్రింగుట కష్టమగుట తోచినచో క్షణమైన ఆలసింపక 108 వాహనమున పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

రెండవది పురుగుమందు. ఈగలు, పురుగులు చేరకుండుటకు చేపపై పొడిమందు చల్లుట, ద్రావకము పిచికారి చేయుట ప్రాణాపాయము. గమాక్సిన్ పొడిని 1997లోనే దేశమున నిషేధించిరి. డైక్లోరోవాస్ మందును 2020 చివరనుండి నిషేధించిరి. నిషేధము లేని మందైనను పైరుకే గాని తినుబండారమునకు గాదు. ఈగలకు మందు దోమతెర. పురుగులకు మందు ఎండ.

మూడవది హిస్టమిన్. కానాగంతలు, కవళ్ళు, సూర వంటి సముద్రపు చేపలను ఎండబెట్టకమునుపు ఎండలో నిర్లక్ష్యముగా ఉంచినచో ఈ పదార్థము పుట్టును. వండినను ఇది పోదు. తిన్న కొద్దిసేపటికే మొగము ఎర్రబడుట, దురద, తలనొప్పి, వాంతులు కలుగును. ఆ చేప తినుట మాని వైద్యుని చూడవలెను.

నాలుగవది పొగలోని తారు. కట్టె సరిగా కాలనపుడు పుట్టు బెంజోపైరీన్ వంటి పదార్థములు కాన్సరునకు దారితీయును. యూరపు దేశములు పొగచేప కిలోకు దీనిని 2 మైక్రోగ్రాములకు మించరాదని 2014 నుండి కట్టుబాటు చేసినవి. రేకు అడ్డుపెట్టుట, నల్లగా మాడ్చకుండుట, మసిపట్టిన చర్మమును తీసివేసి తినుట మన చేతిలోని జాగ్రత్తలు. పొగచేపను వారమునకు ఒకటి రెండుసార్లు తినిన చాలును. పొగబెట్టు ఆడవారు పొగకు ఎదురుగాలిలో కూర్చుండరాదు. చిన్నపిల్లలను పొయ్యి దగ్గరకు రానీయరాదు.

ఐదవది ఉప్పు. పెద్దవారు దినమునకు 5 గ్రాములలోపే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నూటికి 15 వంతుల ఉప్పున్న ఎండుచేపను 30 గ్రాములు తినినచో అందులోనే 4.5 గ్రాముల ఉప్పు చేరినది. రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారు దీనిని మానుట మంచిది. మిగిలినవారు వేడినీట నానవేసి, ఆ నీరు పారబోసి, పులుసులో ఉప్పు చివర రుచిచూచి వేసికొనవలెను.

సంతలో కొనునపుడు

హిందూపురం, గోరంట్ల, ధర్మవరం సంతలలో నెత్తళ్ళు, సావళ్ళు, కానాగంతలు, ఎండు రొయ్యలు అమ్మకమునకు వచ్చును. చేతితో విరిచి చూడుడు. మెత్తగా వంగినది పూర్తిగా ఎండలేదు. గులాబీ మచ్చలు, బూజు, సన్నని రంధ్రములు, రాలుచున్న పొడి ఉన్నచో తీసికొనవలదు. ఘాటైన అమోనియా వాసన కుళ్ళునకు గురుతు. మందు వాసన చెప్పనక్కరలేదు. సంతనిండ ఈగలుండగా ఒక్క కుప్పపై మాత్రమే ఈగ వాలకున్నచో దానిని అనుమానించుట మంచిది.

డబ్బాలలోని పొగ ఆలిచిప్పలు

బెంగుళూరు దుకాణములనుండి కొందరి యిండ్లకు పొగబెట్టిన ఆలిచిప్పల డబ్బాలు వచ్చుట కలదు. వీనినే ఆయిస్టర్లందురు. మన కాకినాడ అఖాతమున, భీమునిపట్నమునందును ఇవి లభించును. తూత్తుకుడిలో 1970 దశకమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వీని పెంపకమును సాధించి చూపిరి. జింకు ఇంత సమృద్ధిగానున్న ఆహారము మరియొకటి లేదు. ఇనుము, బి-12 కూడ మెండు.

అయితే ఆలిచిప్ప నీటిని వడకట్టి బ్రతుకు జీవి. నీటిలోని మురుగు క్రిములను, కామెర్ల క్రిమిని, కాడ్మియమ్ వంటి లోహములను తనలో చేర్చుకొనును. అందుచేత దానిని ఆవిరిపై ఉడికించి, ఉప్పునీట నుంచి, పొగబెట్టి, నూనెలో మునుగునట్లు డబ్బాలో మూసి, 121 డిగ్రీల ఆవిరి ఒత్తిడిలో శుద్ధిచేయుదురు. ఈ చివరి పని ఇంటి కుక్కరుతో నమ్మకముగా కాదు. నూనెలో ముంచిన పొగచేపను ఇంట దాచరాదని పైన చెప్పుటకు కారణమిదియే. డబ్బా ఉబ్బినను, కారినను, విప్పగానే చిమ్మినను రుచియైన చూడక పూడ్చవలెను. విప్పిన పిమ్మట గాజుపాత్రలోనికి మార్చి ఫ్రిజ్‌లో ఉంచి రెండు దినములలో ముగించవలెను. చిప్పజాతి చేపలు ఒంటికి పడనివారు కొందరు కలరు. వారు ముట్టరాదు.

మన చెరువులలో దొరకు చిప్పలును వడకట్టి బ్రతుకునవే. ఊరి మురుగు, పైరు మందులు చేరు చెరువులోని చిప్పలను తినరాదు.

వండు విధము

100 గ్రాముల పొగచేపను ముక్కలుచేసి, వేడినీట పావుగంట నానవేసి, ఆ నీరు పారబోసి రెండుసార్లు కడుగవలెను. ఉల్లి, పచ్చిమిరప, వెల్లుల్లి నూనెలో వేగనిచ్చి, వంకాయగాని మునగకాయగాని చేర్చి, చింతపులుసు పోసి మరగనిచ్చి, అందు చేపముక్కలు వేసి కనీసము 10 నిమిషములు తెర్లనీయవలెను. ఇది నలుగురికి సంగటిలోనికి చాలును. ఎండినదే గదా యని వండక నమలరాదు. గర్భిణీ స్త్రీలకు బాగుగా ఉడికినదే పెట్టవలెను.

పసిపిల్లలకై ఉప్పు వేయని చిన్న పరిగెలను వేరుగా ఉడికించి, ఎండబెట్టి, దోరగా వేయించి, మెత్తగా దంచి జల్లించి ఉంచవలెను. ఆరు నెలలు నిండిన బిడ్డకు మొదట చిటికెడు రాగిజావలో కలిపి పెట్టి, దద్దుర్లు మొదలగునవి రాకున్నచో క్రమముగా చెంచా వరకు పెంచవచ్చును.

గ్రామోద్యోగులకు మనవి

చెరువు చేపల వేలము జరుగుటకు ముందే మత్స్యకారుల సంఘముతోను, మహిళా సంఘములతోను మాట్లాడి గట్టు దగ్గర ఒక పొగపొయ్యి, రెండు మంచెలు, ఒక తొట్టి ఏర్పాటుచేసినచో వేసవిలో ఊరి చేప వృథా కాదు. అమ్మకము చేయువారు ఆహార భద్రతా చట్టము ప్రకారము రిజిస్ట్రేషను పొందవలెను. పిచికారి పంపులను, మందు డబ్బాలను చెరువులో కడుగరాదని దండోరా వేయించవలెను. శిక్షణ కొరకు మత్స్యశాఖవారిని, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థను, విశాఖపట్నమునందలి కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన కేంద్రమును సంప్రదించవచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. తేలిన చచ్చిన చేపను తీసుకొనరాదు.
2. పట్టిన రెండు గంటలలో ప్రేగులు తీసి శుభ్రపరచవలెను.
3. 10 లీటర్ల నీటికి 2.5 కిలోల ఉప్పు.
4. పైపొర ఆరిన తరువాతనే పొగ.
5. లోపల 63 డిగ్రీలు, 30 నిమిషములు.
6. నిప్పునకును చేపకును నడుమ రేకు.
7. దోమతెర కప్పవలెను, పురుగుమందు తగులనీయరాదు.
8. చల్లారినదే సర్దవలెను, గాలి తీసి కట్టరాదు, నూనెలో దాచరాదు.
9. నానవేసి, కడిగి, బాగుగా ఉడికించి తినవలెను.

ఈ వేసవిలో మొదట 5 కిలోల చేపతో ఆరంభించుడు. ఆ 5 కిలోలు సరిగా నిలిచినచో మరుసటి వలకు 50 కిలోలు చేయు ధైర్యము కలుగును. వానాకాలమున కూరలు కరవైన దినమున, మీ చెరువు చేపయే మీ పిల్లల సంగటి ప్రక్కన ఉండును.